బ్రోమిన్ ఆవిరి ఉన్నంతసేపే: సెలీనియం టెట్రాబ్రోమైడ్ రసాయనం

ఆవర్తన పట్టికలో సెలీనియంది 34వ గడి, బ్రోమిన్‌ది 35వ గడి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పరమాణు భారాలు చూసినా సెలీనియంది 78.97, బ్రోమిన్‌ది 79.90. తేడా ఒక శాతం పైచిలుకు, అంతే. దీనివల్ల ఈ జంటతో పనిచేసేవాళ్లకు మరే జంటతోనూ సులువుగా దొరకని వెసులుబాటు ఒకటి దొరుకుతుంది. మామూలుగా గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చుకుంటే గానీ ఏ పరమాణువుకు ఎన్ని పరమాణువులు జతపడ్డాయో తెలియదు. ఇక్కడ తూకమే లెక్క. గ్రాము సెలీనియానికి గ్రాము బ్రోమిన్ కలిపితే రెండు సెలీనియం, రెండు బ్రోమిన్ పరమాణువులున్న డైసెలీనియం డైబ్రోమైడ్ లెక్క. గ్రాముకు రెండు గ్రాములైతే సెలీనియం డైబ్రోమైడ్. గ్రాముకు నాలుగు గ్రాములైతే సెలీనియం టెట్రాబ్రోమైడ్.

అయితే త్రాసు చెప్పేది ఫ్లాస్కులో ఏం వేశామన్నది మాత్రమే. వేసిన తర్వాత లోపల ఏముందన్నది వేరే ప్రశ్న. సెలీనియం బ్రోమైడ్ల రసాయనమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సెలీనియాన్ని 1817లో స్వీడన్‌లో బెర్జీలియస్, గాన్ గుర్తించారు. గ్రిప్స్‌హోమ్‌లోని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఫ్యాక్టరీలో ఫాలున్ గని ఖనిజాన్ని కాలిస్తే అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో అది దొరికింది. మొదట టెల్లూరియం అనుకున్నారు. కాదని తేలాక, టెల్లూరియానికి భూమి పేరు ఉంది కాబట్టి దాని తోబుట్టువు లాంటి దీనికి గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు పెట్టారు. బ్రోమిన్‌ను 1826లో మోంపెలియె దగ్గరి ఉప్పునీటి మడుగుల నుంచి బలార్ వెలికితీశాడు. దాని పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కంపు. బలార్ ప్రకటన రాకముందే జర్మనీలో లీబిగ్ చేతికి బ్రోమిన్ సీసా ఒకటి వచ్చింది. ఆయన పెద్దగా పరీక్షించకుండా అయోడిన్ క్లోరైడ్ అని చీటీ అతికించి అలమారలో పెట్టేశాడు. సీసా మీద చీటీ ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి. సెలీనియం టెట్రాబ్రోమైడ్ విషయంలో ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. చీటీ సరిగ్గానే రాసినా, లోపలి సరుకు ఆ చీటీకి కట్టుబడి ఉండదు.

తయారీ వినడానికి తేలిక. రెండు మూలకాల్నీ నేరుగా కలపడమే. 7.9 గ్రాముల సెలీనియం పొడికి 32 గ్రాముల బ్రోమిన్ కావాలి. బ్రోమిన్ నీటికి మూడింతలు బరువైన ద్రవం కాబట్టి 32 గ్రాములంటే పది మిల్లీలీటర్లు దాటి కొంచెం. కార్బన్ డైసల్ఫైడ్ లాంటి ద్రావణిలో సెలీనియం పొడి వేసి, చల్లబరుస్తూ, బొట్టుబొట్టుగా బ్రోమిన్ వదులుతారు. మొదట సెలీనియం ఎక్కువ, బ్రోమిన్ తక్కువ. ఆ దశలో పుట్టేది డైసెలీనియం డైబ్రోమైడ్. ముదురు ఎరుపు రంగులో ఉండే ఈ ద్రవం సాంద్రత 3.6. నూరు మిల్లీలీటర్ల సీసాలో పోస్తే ద్రవమే 360 గ్రాములు తూగుతుంది. చేత్తో ఎత్తితే సీసాలో ఏదో లోహం ఉందనిపించేంత బరువు. బ్రోమిన్ ఇంకా పడేకొద్దీ ఘనపదార్థం ఏర్పడుతుంది. ఎర్రటి నారింజ నుంచి నలుపు దాకా పోయే రంగు. అదే టెట్రాబ్రోమైడ్. దాని బరువులో దాదాపు 80 శాతం బ్రోమినే.

ఇదంతా పొడిగాలిలో, మంచి ఫ్యూమ్‌హుడ్ (ఘాటు ఆవిర్లను బయటికి లాగేసే గూడు) కింద చేయాల్సిన పని. బ్రోమిన్ చర్మాన్ని కాలుస్తుంది, ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. సెలీనియం సమ్మేళనాలు ఒంట్లోకి వెళ్తే శరీరం వాటిలో కొంత భాగాన్ని డైమిథైల్ సెలీనైడ్‌గా మార్చి ఊపిరి ద్వారా బయటికి పంపుతుంది. అందుకే విషం ఎక్కినవాళ్ల ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది.

ఇప్పుడు ఆ ఘనపదార్థాన్ని మూతబిగించిన గాజుగొట్టంలో పెట్టి చూడండి. స్ఫటికాల పైన ఖాళీ జాగా నారింజ గోధుమ రంగుకు తిరుగుతుంది. అది బ్రోమిన్ ఆవిరి. మూత తీస్తే బ్రోమిన్ ఘాటు ముక్కుకు తగులుతుంది. టెట్రాబ్రోమైడ్ తనలోని నాలుగు బ్రోమిన్లలో రెండిటిని వదులుకుంటోందన్నమాట. మూత ఉంటే ఆవిరి లోపలే నిలిచి, వదిలినంత వేగంగానే తిరిగి కలుస్తుంది. అదే సమతాస్థితి. మూత తీస్తే బ్రోమిన్ గదిలోకి పోతుంది, తిరిగి కలవడానికి మిగలదు, కాబట్టి విడిపోవడం ఆగదు. పరిసరాల్లో బ్రోమిన్ ఆవిరి నిండుగా ఉన్నంతసేపే ఈ సమ్మేళనం చెక్కుచెదరకుండా ఉంటుందని రసాయన గ్రంథాలు చెప్పేది ఇందుకే. సమతాస్థితిని కదిపితే చర్య ఆ మార్పును తగ్గించే వైపు ఒరుగుతుందనే లీ షాట్లియే సూత్రాన్ని ఇంటర్‌లో అమ్మోనియా తయారీతో చెబుతారు. కంటికి రంగు కనిపిస్తూ, ముక్కుకు వాసన తెలుస్తూ ఆ సూత్రం పనిచేసే చోటు ఇది. (తరగతి గదిలో చేయదగ్గ ప్రయోగం మాత్రం కాదు.)

వేడిచేసి పూర్తిగా ఆవిరి చేస్తే సంగతి ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. టెట్రాబ్రోమైడ్ అణువు అలాగే ఎగిరితే దాని మోలార్ ద్రవ్యరాశి 398.6 కాబట్టి ఆవిరి సాంద్రత కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. ఒక్కో అణువు ఒక డైబ్రోమైడ్ అణువుగా, ఒక బ్రోమిన్ అణువుగా చీలిపోతే అదే బరువును రెండు అణువులు పంచుకుంటాయి, సగటు 199కి పడిపోతుంది. కొలతలు చీలిపోవడాన్నే చూపించాయి. అంటే నాలుగు బ్రోమిన్లు తగిలించుకున్న ఒంటరి సెలీనియం అణువు వాయుస్థితిలో నిలబడదు.

ఎందుకు నిలబడదు? డైబ్రోమైడ్‌కు బ్రోమిన్ అణువు తోడై టెట్రాబ్రోమైడ్ కావాలంటే ముందు బ్రోమిన్‌లోని రెండు పరమాణువుల మధ్య బంధం తెగాలి. దానికి మోల్‌కు సుమారు 193 కిలోజౌల్స్ ఖర్చు. ఆ ఖర్చును కొత్తగా ఏర్పడే రెండు సెలీనియం–బ్రోమిన్ బంధాలు పూడ్చాలి. రెండు ఆక్సీకరణ స్థితి (రెండు బ్రోమిన్లతో జతపడిన స్థితి) నుంచి నాలుగు స్థితికి సెలీనియాన్ని లాగడం బ్రోమిన్‌కు అంత తేలిక కాదు. పాలింగ్ కొలమానంలో సెలీనియం ఋణవిద్యుదాత్మకత 2.55, బ్రోమిన్‌ది 2.96. ఎలక్ట్రాన్ల కోసం జరిగే ఈ లాగులాటలో బ్రోమిన్‌ది స్వల్పమైన పైచేయి. దీనికి తోడు, ఒక అణువు రెండుగా చీలితే ఎంట్రోపీ, అంటే చెల్లాచెదురుతనం, పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ తూకం విడిపోవడం వైపే ఒరుగుతుంది.

ఇరుగుపొరుగుతో పోలిస్తే సెలీనియం ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. దానికి పై మెట్టు మీదున్న సల్ఫర్ నాలుగు బ్రోమిన్లను పట్టుకోలేదు. సల్ఫర్ టెట్రాబ్రోమైడ్ అనే స్థిరమైన పదార్థమే లేదు. కింది మెట్టు మీదున్న టెల్లూరియం హాయిగా పట్టుకుంటుంది. టెల్లూరియం టెట్రాబ్రోమైడ్ 380 డిగ్రీలు దాటాక గానీ కరగదు. అటు హాలోజన్ల వైపు చూస్తే, ఫ్లోరిన్ సెలీనియాన్ని ఆరు స్థితి దాకా లాగగలదు. సెలీనియం హెక్సాఫ్లోరైడ్ స్థిరమైన వాయువు. క్లోరిన్ నాలుగు దాకా లాగుతుంది. టెట్రాక్లోరైడ్ సీసాలో మామూలుగా నిల్వ ఉండే ఘనపదార్థమే అయినా, ఆవిరిలో అదీ చీలిపోతుంది. అయోడిన్‌తో వేరుచేసి దాచుకోదగ్గ టెట్రా అయోడైడ్ లేదు. నిలువుగా చూసినా, అడ్డంగా చూసినా సెలీనియం టెట్రాబ్రోమైడ్ సరిగ్గా గట్టు అంచున ఉంది. ఒక అడుగు ఇటు వేస్తే ఉంది, ఒక అడుగు అటు వేస్తే లేదు. ఈ గ్రూపులో హాలైడ్ల స్థిరత్వం ఫ్లోరైడ్ నుంచి అయోడైడ్ వైపు తగ్గుతుందని పాఠాల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ఆ తగ్గుదల ఎలా ఉంటుందో కళ్లతో చూడాలంటే ఈ ఒక్క పదార్థం చాలు.

ఆవిరిలో నిలబడనిది ఘనస్థితిలో ఎలా నిలబడుతోంది? ఒంటరిగా కాదు, నలుగురు కలిసి. 1979లో బోర్న్, క్నీప్, మూట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు సెలీనియం టెట్రాబ్రోమైడ్ రెండు స్ఫటిక రూపాల నిర్మాణాన్నీ ఎక్స్‌రేలతో తేల్చారు. ఆల్ఫా రూపం నలుపు, బీటా రూపం నారింజ ఎరుపు. రెండిటిలోనూ ఇటుక ఒక్కటే: నాలుగు సెలీనియం, పదహారు బ్రోమిన్ పరమాణువులున్న కట్టడం. పేర్పు మాత్రమే వేరు.

ఆ ఇటుకను ఊహించడం కష్టం కాదు. ఒక ఘనాకారపు పెట్టె తీసుకుంటే దానికి ఎనిమిది మూలలు. ఒక మూలలో సెలీనియం, దాని పక్క మూలలో బ్రోమిన్, మళ్లీ సెలీనియం, ఇలా ఒకటి విడిచి ఒకటి పెడితే నాలుగు సెలీనియంలు, నాలుగు బ్రోమిన్లు పడతాయి. ఇక ఒక్కో సెలీనియం నుంచి పెట్టె బయటి వైపుకు మూడేసి బ్రోమిన్లు కొమ్మల్లా పొడుచుకొని ఉంటాయి. నాలుగు మూళ్లు పన్నెండు, మూలల్లో నాలుగు, మొత్తం పదహారు. బయటి బంధాల పొడవు సుమారు 2.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. పెట్టె అంచుల వెంబడి ఉన్నవి 3 ఆంగ్‌స్ట్రామ్‌లకు దగ్గర. ఆ తేడానే అసలు గుట్టు విప్పుతుంది. పొట్టివి గట్టి సమయోజనీయ బంధాలు, పొడుగువి వదులు బంధాలు. కాబట్టి దీన్ని నాలుగు సమానమైన బంధాలున్న అణువుగా కన్నా, మూడు బ్రోమిన్లున్న ధనావేశపు సెలీనియం గుంపు, దాని పక్కనే ఋణావేశపు బ్రోమైడ్ అయాన్, ఇలాంటి నాలుగు జతలు ఒకదాన్నొకటి పట్టుకొని కూర్చున్నట్టు చూడటం సత్యానికి దగ్గర. ఆ ధనావేశపు ట్రైబ్రోమైడ్ గుంపు ఊహ కూడా కాదు. ఆర్సెనిక్ హెక్సాఫ్లోరైడ్ లాంటి అయాన్‌తో జతచేసి దాన్ని విడిగా లవణంగా చేశారు.

ఇక్కడ మళ్లీ ఇరుగుపొరుగు తంటా ఒకటుంది. ఎక్స్‌రేలు చూసేది ఎలక్ట్రాన్లను. సెలీనియంలో 34, బ్రోమిన్‌లో 35. ఎక్స్‌రే కంటికి రెండూ ఇంచుమించు ఒకే చుక్క. ఏ చుక్క ఏదో ఎక్స్‌రే తీవ్రత కన్నా, ఆ చుక్క చుట్టూ ఎన్ని చుక్కలున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి అన్నదే బాగా చెబుతుంది. తూకంలో సాయం చేసిన పోలికే స్ఫటికం దగ్గర ఇరకాటంలో పెడుతుంది.

సెలీనియం నాలుగు స్థితిలో ఉన్నప్పుడు దాని దగ్గర బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట ఒకటి మిగులుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఒంటరి జంట అనేది దాన్నే. సెలీనియం టెట్రాఫ్లోరైడ్‌లో ఈ జంట తన చోటు తాను ఆక్రమించుకొని ఫ్లోరిన్లను పక్కకు నెడుతుంది. అందువల్ల అణువు పిల్లలు ఆడుకునే తూగుబల్ల ఆకారంలోకి వంగుతుంది. అదే నియమం ప్రకారం, ఆరు బ్రోమిన్లూ ఒక ఒంటరి జంటా ఉన్న హెక్సాబ్రోమోసెలీనేట్ అయాన్ కూడా వంకరపోవాలి. ఏడు జంటలకు ఏడు దిక్కులు కావాలి కదా. నిజంగా చూస్తే ఆ అయాన్ ఇంచుమించు చక్కటి అష్టముఖి. ఆరు బ్రోమిన్లు ఆరు దిక్కుల్లో సమంగా సర్దుకున్నాయి. ఒంటరి జంట ఉందన్న ఆనవాలే ఆకారంలో లేదు.

దీనికి ఇచ్చే వివరణ ఇలా ఉంటుంది. బ్రోమిన్ పెద్ద పరమాణువు. సెలీనియం చుట్టూ అలాంటివి ఆరు చేరితే ఇసుక వేస్తే రాలనంత ఇరుకు. ఒంటరి జంట ఒక పక్కకు పొడుచుకొస్తే బ్రోమిన్లు ఒకదాన్నొకటి ఒరుసుకోవాల్సి వస్తుంది. అందుకని ఆ జంట సెలీనియం కేంద్రానికి దగ్గరగా, 4ఎస్ ఆర్బిటాల్‌లో, అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉండిపోతుంది. ఏ దిక్కూ ఎంచుకోదు కాబట్టి ఏ దిక్కునూ వంచదు. ఆకారాల పాఠంలో ఒంటరి జంటలు లెక్కపెట్టి జవాబు రాసే అలవాటుకు ఇదొక మంచి హెచ్చరిక. లెక్కతో పాటు చుట్టూ ఉన్నవాటి పరిమాణం కూడా చూడాలి. టెట్రాబ్రోమైడ్ ఘనంలోనూ దీనికి దగ్గరి పోలిక కనిపిస్తుంది. ఒక్కో సెలీనియానికి మూడు దగ్గరి బ్రోమిన్లు, మూడు దూరపు బ్రోమిన్లు ఉన్నాయి. అంటే అదీ సాగిన అష్టముఖే.

ఈ ఆరు బ్రోమిన్ల అయాన్‌ను చేయడానికి టెట్రాబ్రోమైడ్‌తో అవసరం కూడా లేదు. సెలీనియం డైఆక్సైడ్‌ను గాఢ హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో కరిగించి పొటాషియం బ్రోమైడ్ కలిపితే ముదురు ఎర్రటి పొటాషియం లవణం స్ఫటికాలుగా దిగుతుంది. బ్రోమైడ్ అయాన్లు పుష్కలంగా ఉంటే నాలుగు స్థితి సెలీనియం భద్రంగా ఉంటుందన్నమాట. ఇందాక బ్రోమిన్ ఆవిరి, ఇప్పుడు బ్రోమైడ్ అయాన్. రెండు చోట్లా చుట్టూ ఉన్నదే దాన్ని కాపాడుతోంది.

నీరు తగిలితే ఆ కాపుదల పోతుంది. టెట్రాబ్రోమైడ్ తేమగాలిలోనే జలవిశ్లేషణ చెంది సెలీనస్ ఆమ్లాన్ని, హైడ్రోజన్ బ్రోమైడ్‌ను ఇస్తుంది. ఒక్కో అణువుకు మూడు నీటి అణువులు ఖర్చవుతాయి, నాలుగు హైడ్రోజన్ బ్రోమైడ్‌లు పుడతాయి. రెండు ఉత్పన్నాలూ నీటిలో కరిగేవే కాబట్టి అడుగున ఏమీ మిగలదు. డైసెలీనియం డైబ్రోమైడ్ మీద నీళ్లు పోస్తే అలా కాదు. రెండు అణువులకు మూడు నీటి అణువులు కలిసి మూడు సెలీనియం పరమాణువులు, ఒక సెలీనస్ ఆమ్లం, నాలుగు హైడ్రోజన్ బ్రోమైడ్‌లు వస్తాయి. సెలీనియం కరగదు, మడ్డిలా దిగిపోతుంది. కాబట్టి సీసాలో ఉన్నది ఏదో తెలియనప్పుడు అడుగున మడ్డి మిగిలిందా లేదా అన్నదే మంచి ఆనవాలు. ఈ మూడుకు ఒకటి అన్న నిష్పత్తి ఊరికే రాలేదు. 16వ గ్రూపు పాఠంలో డైసెలీనియం డైక్లోరైడ్ రెండు అణువులు ఒక టెట్రాక్లోరైడ్‌గా, మూడు సెలీనియం పరమాణువులుగా విడిపోయే అననుపాత చర్య ఉంటుంది. బ్రోమైడ్‌ది కూడా ఆ లెక్కే. పుట్టిన టెట్రాబ్రోమైడ్‌ను నీరు వెంటనే ఆమ్లంగా మార్చేస్తుంది, మూడు సెలీనియంలు మిగిలిపోతాయి.

మధ్యలో ఉన్న డైబ్రోమైడ్ సంగతి మరీ విచిత్రం. గ్రాముకు రెండు గ్రాములు తూచి కలిపినా స్వచ్ఛమైన డైబ్రోమైడ్‌ను సీసాలో పోసి బీరువాలో పెట్టలేరు. ద్రావణంలో అది డైసెలీనియం డైబ్రోమైడ్‌తోనూ బ్రోమిన్‌తోనూ సమతాస్థితిలో ఉంటుంది. ఎవరు ఎంత పాలున్నారో తెలుసుకోవడానికి సెలీనియం-77 కేంద్రక అయస్కాంత అనునాదం (ఎన్‌ఎంఆర్, అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసే పరీక్ష) ఉపయోగపడింది. సహజ సెలీనియంలో ఆ ఐసోటోపు దాదాపు 7.6 శాతమే అయినా, ఒక్కో రూపంలోని సెలీనియం వేర్వేరు చోట గీత చూపిస్తుంది కాబట్టి మిశ్రమాన్ని వేరుచేయకుండానే లోపలివాళ్లను గుర్తుపట్టవచ్చు.

నిలవలేకపోవడం అన్నిసార్లూ లోపం కాదు. రష్యాలో ఇర్కుట్‌స్క్‌లోని ఫావోర్స్కీ రసాయన సంస్థలో పొతాపోవ్, అమోసోవా బృందం ఈ డైబ్రోమైడ్‌ను ఫ్లాస్కులోనే అప్పటికప్పుడు పుట్టించి, అది చెదిరిపోయేలోపు కర్బన సమ్మేళనాలతో కలిపే పద్ధతుల్ని పెంచి పోషించింది. ఎనిమిది కార్బన్ల వలయంలో ఎదురెదురుగా రెండు ద్విబంధాలున్న సైక్లోఆక్టాడయీన్‌తో కలిపితే సెలీనియం వలయానికి అడ్డంగా వంతెనలా కూర్చుంటుంది, రెండు బ్రోమిన్లు రెండు పక్కలా అతుక్కుంటాయి. ఒకే దెబ్బకు రెండు వలయాల కట్టడం తయారు. సీసాలో దాచలేనిది ఫ్లాస్కులో పనిముట్టయింది.

టెట్రాబ్రోమైడ్‌కు ఇంతకన్నా పాత, రైతుకు దగ్గరి ఉపయోగం ఒకటుంది. అమెరికాలో సౌత్ డకోటా, ఆ చుట్టుపక్కల మైదానాల్లో పశువులకు గిట్టలు ఊడటం, తోక వెంట్రుకలు రాలడం లాంటి జబ్బు వచ్చేది. నేలలోని సెలీనియం గడ్డిలోకి, గింజల్లోకి ఎక్కడమే కారణమని 1930లలో తేలింది. మన దేశంలో పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లోనూ సెలీనియం ఎక్కువైన నేలలున్నాయి. ఈ మూలకంతో చిక్కేమిటంటే మనిషికి అది రోజుకు 55 మైక్రోగ్రాములు కావాలి, 400 దాటితే ప్రమాదం. మేలుకూ కీడుకూ మధ్య సందు అంత సన్నం. కాబట్టి నేలలో, గింజలో ఎంతుందో కచ్చితంగా కొలవాల్సి వచ్చింది. మట్టిలో ఇనుము, సిలికా, సున్నం మధ్య ఇరుక్కున్న ఆ కొద్దిపాటి సెలీనియాన్ని బయటికి లాగడం ఎలా?

అప్పటి అమెరికా వ్యవసాయ శాఖ రసాయనవేత్తలు 1934లో ప్రచురించిన పద్ధతి సెలీనియం బ్రోమైడ్ మీదే నడిచింది. నమూనాను గాఢ హైడ్రోబ్రోమిక్ ఆమ్లంతో, కొంచెం బ్రోమిన్‌తో కలిపి స్వేదనం చేస్తారు, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. సెలీనియం టెట్రాబ్రోమైడ్ రూపంలో ఆవిరై ఆమ్లంతో పాటు దాటుతుంది, ఇనుము, సిలికా వెనకే ఉండిపోతాయి. ఆర్సెనిక్ ఉంటే అదీ వెంట వస్తుంది. ఇక్కడ బ్రోమిన్‌ది కావలి పని. అది తగ్గితే సెలీనియం మూలకంగా మారి ఫ్లాస్కులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే దాటివచ్చే ద్రవంలో బ్రోమిన్ పసుపు కనిపిస్తూ ఉండాలి. గొట్టంలోని స్ఫటికాలకు పైన నారింజ ఆవిరి ఎంత అవసరమో, ఇక్కడ ఈ పసుపు అంత అవసరం.

దాటివచ్చిన ద్రవంలోకి సల్ఫర్ డైఆక్సైడ్ పంపుతారు. బ్రోమిన్ రంగు విరిగిపోతుంది. తర్వాత హైడ్రాక్సిలమైన్ హైడ్రోక్లోరైడ్ కొంచెం వేసి వెచ్చగా ఉంచుతారు. కాసేపటికి తేటగా ఉన్న ద్రవం గులాబీ రంగుకు తిరిగి, మెల్లగా ఎర్రటి సెలీనియం అడుగుకు దిగుతుంది. మరీ కొద్దిగా ఉంటే ఆ ఎరుపును తెలిసిన పాళ్లతో చేసిన నమూనాల పక్కన పెట్టి పోలుస్తారు. తూగేంత ఉంటే వడకట్టి, కడిగి, ఆరబెట్టి త్రాసులో వేస్తారు.